కాంగ్‌ను కదిలించిన చేతులు

క్రిస్మస్ సెలవుల్లో మా ఇంట్లో భోజనాల బల్ల రెండు రోజులపాటు మాకు దక్కలేదు. పదకొండేళ్ల మావాడు బంకమట్టితో ఒక ఏనుగును చేశాడు. నా పాత ఫోన్‌ను పుస్తకాల దొంతరకు ఆనించి నిలబెట్టాడు. ఏనుగు కాలు వెంట్రుకవాసి జరపడం, ఒక ఫొటో తీయడం, మళ్లీ జరపడం, మళ్లీ తీయడం. బల్లను ఎవరూ తాకకూడదు, పక్కనుంచి గట్టిగా నడవకూడదు. రెండో రోజు సాయంత్రం వాడు చూపించిన సినిమా నిడివి ఎనిమిది సెకన్లు. ఆఫీసు మెయిల్ చూసుకుంటూ, తల పూర్తిగా ఎత్తకుండానే బాగుందన్నాను. కంప్యూటర్‌లో అయితే ఇంత శ్రమ అక్కర్లేదు కదా అని కూడా అన్నాను. వాడేం మాట్లాడలేదు.

ఆ రాత్రి అందరం కూర్చుని 1933 నాటి ‘కింగ్ కాంగ్’ చూశాం. ఈ కాలపు సినిమాలకు అలవాటుపడ్డ కళ్లకు మొదట్లో అదంతా కాస్త నవ్వులాటగానే అనిపించింది. మావాడు మాత్రం ఒకచోట సినిమా ఆపి వెనక్కి తిప్పాడు. కాంగ్ దాదాపు కదలకుండా నిలబడి ఉన్నాడు. కానీ ఒంటిమీద బొచ్చు మాత్రం అలలు అలలుగా కదులుతోంది. గాలి వీస్తోందేమో అన్నాను నేను. వాడు కాదన్నాడు. ఒక్కో ఫ్రేముకు ఎవరో ఆ బొమ్మను పట్టుకుని జరిపారు, పట్టుకున్న ప్రతిసారీ బొచ్చు నలిగింది, అదే మనకు కనబడుతోందని నాకు వివరించాడు. అంటే తొంభై ఏళ్ల కిందటి ఒక మనిషి వేళ్ల గుర్తులను మేం మా ఇంట్లో టీవీలో చూస్తున్నామన్నమాట.

ఆ బొమ్మల పనికి పెద్ద విలిస్ ఓబ్రయన్. ఆ పేరు నేనెప్పుడూ విన్నది కాదు. ఆయన పుట్టింది మా ఇంటికి గంట దూరం కూడా లేని ఓక్లాండ్‌లో అని తెలిశాక ఇంకా ఆసక్తి పెరిగింది. మిగిలిన సెలవులన్నీ ఆయన గురించి చదవడంతోనే గడిచాయి.

కుదురు లేని కుర్రాడు

ఓబ్రయన్ 1886 మార్చి 2న పుట్టారు. సరిగ్గా మావాడి వయసులో, పదకొండేళ్లకే ఇల్లు వదిలి పశువుల క్షేత్రాల్లో పనికి చేరారు. పొలం పని, ఫ్యాక్టరీ పని, ఉచ్చులు వేసి జంతువులను పట్టే పని, బార్‌లో మద్యం పోసే పని, కౌబాయ్ పని, అన్నీ చేశారు. ఆరెగాన్ రాష్ట్రంలోని క్రేటర్ లేక్ ప్రాంతంలో శిలాజాలు వెతికే శాస్త్రవేత్తలకు దారి చూపించే పనిలో ఉన్నప్పుడు ఆయనకు డైనోసార్ల మీద ఆసక్తి పుట్టింది. తర్వాత ఒక ఆర్కిటెక్ట్ దగ్గర డ్రాయింగులు గీశారు. శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో క్రీడల కార్టూన్లు వేశారు. కొన్నాళ్లు బాక్సింగ్ బరిలో కూడా దిగారు. చివరికి చలువరాయి చెక్కే పనికి వచ్చారు.

మన ఇళ్లలో ఇలాంటి పిల్లాడుంటే వీడికి కుదురు లేదని బంధువులంతా తేల్చేస్తారు. కానీ ఆ తర్వాతి సినిమాలు చూస్తే ఆయన చేసిన ఏ పనీ వృథా పోలేదనిపిస్తుంది. కాంగ్ టైరనోసారస్‌తో తలపడే తీరులో బాక్సింగ్ బరి కనిపిస్తుంది. ఎముకలు, కండరాలు ఎక్కడ ఎలా కదులుతాయో శిల్పం నేర్పింది. తాళ్లు విసిరే కౌబాయ్‌లు ఆయన ఊహల్లోకి మళ్లీ మళ్లీ వచ్చారు.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. దాని కోసం నమూనాలు చేసే వాళ్లలో ఓబ్రయన్ కూడా ఉన్నారు. పని మధ్యలో సరదాకి మట్టితో బాక్సర్ల బొమ్మలు చేసి, వాటి మధ్య పోటీ పెట్టినప్పుడు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. వీటిని కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫ్రేమే తీస్తే, వరసగా తిప్పినప్పుడు ప్రాణం వచ్చినట్లు కదలవా అని. ఒక కెమెరామన్ సాయంతో ఒక డైనోసార్‌తో, ఒక ఆదిమానవుడితో నిమిషమున్నర సినిమా తీశారు. దాన్ని చూసిన శాన్‌ఫ్రాన్సిస్కో సినీ వ్యాపారి హెర్మన్ వాబర్ 5,000 డాలర్లు ఇచ్చి కాస్త పెద్దది తీయమన్నారు. అలా వచ్చిన సినిమా ‘ది డైనోసార్ అండ్ ది మిస్సింగ్ లింక్’. థామస్ ఎడిసన్ కంపెనీ దాన్ని కొని 1917లో విడుదల చేసింది, అలాంటివే మరికొన్ని చిన్న సినిమాలు ఆయనతో తీయించింది.

‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లడం చూసి మనమంతా మురిసిపోయిన వాళ్లమే. మార్కస్ బార్ట్‌లీ కెమెరా మాయలను ఇప్పటికీ చెప్పుకుంటాం. ఓబ్రయన్ పట్టింది మాయల్లోనే మరో దారి. మనిషి చేతిలోని బొమ్మ దానికదే ఆలోచిస్తున్నట్లు, భయపడుతున్నట్లు, నొప్పి పడుతున్నట్లు అనిపించాలి. మాటల సినిమాల కాలంలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్క నిమిషానికి 1,440 ఫ్రేములు. బొమ్మను జరిపి జరిపి అన్ని ఫ్రేములూ తీస్తే తెర మీద ఒక్క నిమిషం.

పేరు పోయింది, పని నిలిచింది

1918లో హెర్బర్ట్ డాలీ అనే ఆయనతో కలిసి ‘ది ఘోస్ట్ ఆఫ్ స్లంబర్ మౌంటెన్’ తీశారు. అది బాగా ఆడి డబ్బు తెచ్చింది. కానీ పేరు దగ్గర తగాదా వచ్చింది. ఎవరు ఎంత చేశారన్న దాని మీద వాదనలు ఇప్పటికీ ఉన్నాయి. జరిగిందేమిటంటే, గొప్పంతా డాలీకి పోయి ఓబ్రయన్ పేరు వెనక్కి వెళ్లింది. కొన్నాళ్ల తర్వాత ఓబ్రయన్ పెద్ద సినిమాకు పనిచేస్తున్నప్పుడు, ఈ పద్ధతి మీద హక్కులు తనవంటూ డాలీ కోర్టుకు వెళ్తానని బెదిరించారు కూడా.

ఆ పెద్ద సినిమా ‘ది లాస్ట్ వరల్డ్’. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయల్ నవలకు తెర రూపం. మానవులు చూడని ఒక పీఠభూమి మీద డైనోసార్లు ఇంకా బతికే ఉన్నాయన్నది కథ. 1922 జూన్‌లో న్యూయార్క్‌లో ఇంద్రజాలికుల సంఘం విందుకు డాయల్ వెళ్లారు. ఏమీ వివరించకుండా ఓబ్రయన్ తీసిన కొన్ని దృశ్యాలను అక్కడ తెర మీద వేయించారు. గడ్డి మేస్తున్న, పోట్లాడుకుంటున్న డైనోసార్లను చూసి, జనాన్ని బురిడీ కొట్టించడమే వృత్తిగా ఉన్నవాళ్లు కూడా ఎటూ తేల్చుకోలేకపోయారు. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ దాన్ని వార్తగా రాసింది. అసలు సంగతి ఏమిటో డాయల్ ఆ తర్వాత హుడినీకి రాసిన ఉత్తరంలో బయటపెట్టారు.

ఈ సినిమాతో ఓబ్రయన్‌కు ఒక గొప్ప సహచరుడు దొరికారు. మార్సెల్ డెల్గాడో మెక్సికోలో పుట్టి అమెరికా వచ్చినవారు. కిరాణా కొట్లో పనిచేస్తూ లాస్ ఏంజెలెస్‌లో శిల్పం నేర్చుకునేవారు. ఓబ్రయన్ అక్కడ ఆయన చేతి పని చూసి ఉద్యోగం ఇస్తానన్నారు. వలస వచ్చి, పగలు ఒక పని, సాయంత్రం చదువుగా బతికిన వాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి డెల్గాడో కథ దగ్గర నేను కాసేపు ఆగాను. డైనోసార్ల లోపల లోహంతో అస్థిపంజరం చేసి, కీళ్లు ఎటు కావాలంటే అటు తిరిగేలా, తిప్పిన చోట నిలిచేలా అమర్చారు. దాని మీద కండలు పేర్చి రబ్బరు చర్మం తొడిగారు. కొన్నింటిలో రబ్బరు బుడగలు పెట్టి, గాలి ఎక్కిస్తూ తీస్తూ ఊపిరి పీలుస్తున్నట్లు చూపించారు. 1925లో సినిమా విడుదలైంది. చివర్లో లండన్ వీధుల్లో బ్రాంటోసారస్ బీభత్సం చూసి ప్రేక్షకులు నివ్వెరపోయారు.

పుట్టినరోజు నాడు కాంగ్

తర్వాత ఆర్‌కేఓ స్టూడియోలో ‘క్రియేషన్’ అనే సినిమా మొదలుపెట్టారు. ఖర్చు పెరుగుతోంది, కథ కదలడం లేదు. లెక్కలు చూడటానికి వచ్చిన మెరియన్ కూపర్ దాన్ని ఆపించేశారు. అప్పటిదాకా చేసిన పని ఒక్క మాటతో ఆగిపోయింది. కానీ అక్కడే ఒక తలుపు తెరుచుకుంది. కూపర్ మనసులో ఒక పెద్ద గొరిల్లా కథ ఉంది. నిజం జంతువులతో తీయాలన్నది ఆయన మొదటి ఆలోచన. ఓబ్రయన్ పని చూశాక ఆయన ఆలోచన మారింది.

కాంగ్ తెర మీద ఎంత ఎత్తున కనిపించినా, అసలు బొమ్మ అడుగున్నర. న్యూయార్క్ దృశ్యాలకు రెండడుగుల బొమ్మ చేశారు. డెల్గాడో లోహపు అస్థిపంజరం మీద కండలు కట్టి పైన కుందేలు చర్మం కప్పారు. దగ్గరనుంచి తీసే దృశ్యాలకు పెద్ద తల, ఛాతీ విడిగా చేశారు. కథానాయిక ఫే రేను పట్టుకోవడానికి పెద్ద చేయి ఒకటి. అడవిని గాజు పలకల మీద గీసి, వాటి మధ్య చిన్న చిన్న చెట్లు నిలబెట్టి లోతు తెప్పించారు. ముందే తీసిన మనుషుల దృశ్యాలను ఆ బొమ్మల అడవిలోని చిన్న తెర మీద వెనకనుంచి ఒక్కో ఫ్రేమే వేస్తూ, బొమ్మనూ ఒక్కో ఫ్రేమే కదిపారు. అందుకే గొరిల్లా, మనిషి ఒకే చోట ఉన్నట్లు కనబడుతుంది. ఓబ్రయన్‌తో పాటు బజ్ గిబ్సన్ అనే సహాయకుడు కూడా బొమ్మలు కదిపారు. పనివేళల్లో ఆ చిన్న అడవిలోని నిజం మొక్క ఒకటి పువ్వు పూసిందని, తెర మీద అది కళ్లముందే విచ్చుకున్నట్లు కనబడి ఆ రోజు పనంతా వృథా అయిందని ఒక కథ చెబుతారు.

ఇక ఆ బొచ్చు సంగతి. నలిగిన గుర్తులు తెర మీద కనబడతాయని పనిచేసిన వాళ్లకు భయం ఉండేదట. చూసినవాళ్లలో కొందరు మాత్రం కాంగ్‌కు కోపంతో రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయని అనుకున్నారు.

1933 మార్చి 2న న్యూయార్క్‌లో ‘కింగ్ కాంగ్’ విడుదలైంది. సరిగ్గా ఆ రోజే ఓబ్రయన్‌కు 47 ఏళ్లు నిండాయి. దేశమంతా బ్యాంకులు మూతపడుతున్న రోజులవి. అయినా జనం బారులు తీరారు. కష్టాల్లో ఉన్న ఆర్‌కేఓకు ఆ సినిమా ఊపిరి పోసింది. టైటిళ్లలో ఓబ్రయన్‌కు ఇచ్చిన హోదా ముఖ్య టెక్నీషియన్. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు అప్పటికి ఆస్కార్ లేనే లేదు.

ఆ అక్టోబరు

ఆయన జీవితంలో ఇక్కడికి వచ్చాక చదవడం ఆపి లేచి వెళ్లిపోయాను. మర్నాటి దాకా మళ్లీ పుస్తకం తెరవలేదు.

ఓబ్రయన్ దంపతులు అప్పటికే వేరుగా ఉంటున్నారు. భార్య హేజెల్ క్షయతో, క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. పిల్లలు ఇద్దరు, ఇద్దరూ మగపిల్లలే. కాంగ్ విజయోత్సాహంలో స్టూడియో హడావిడిగా ‘సన్ ఆఫ్ కాంగ్’ తీస్తోంది. 1933 అక్టోబరులో ఒక రోజు హేజెల్ ఇద్దరు కొడుకులనూ తుపాకీతో కాల్చి, తననూ కాల్చుకున్నారు. పిల్లలిద్దరూ పోయారు. ఆమె ఏడాదికి పైగా బతికి 1934లో కన్నుమూశారు.

దీని మీద నేను వ్యాఖ్యానించేదేమీ లేదు. మార్చిలో ప్రపంచమంతా మెచ్చుకున్న మనిషికి అక్టోబరుకల్లా ఇంట్లో పిల్లలు లేరు. డిసెంబరులో ‘సన్ ఆఫ్ కాంగ్’ విడుదలైంది. ఆ సినిమా మాట ఎత్తడం ఆయనకు ఇష్టముండేది కాదంటారు. 1934 నవంబరులో డార్లీన్‌ను పెళ్లాడారు. ఆయన చివరి రోజు దాకా ఆమె తోడున్నారు.

పెట్టెతో వచ్చిన కుర్రాడు

తర్వాతి కాలమంతా ఆగిపోయిన సినిమాల చరిత్ర. ఎంజీఎంలో కూపర్‌తో కలిసి ‘వార్ ఈగిల్స్’ మొదలుపెట్టారు. మనుషులను మోసుకెళ్లే రాక్షస గద్దల కథ అది. యుద్ధ మేఘాలు కమ్ముకుని కూపర్ సైన్యంలోకి వెళ్లిపోవడంతో అది ఆగింది. తర్వాత ఆర్‌కేఓలో ‘గ్వాంగీ’. మారుమూల లోయలో మిగిలిన డైనోసార్‌ను కౌబాయ్‌లు తాళ్లు వేసి పట్టడం కథ. బొమ్మలు తయారయ్యాయి, చిత్రాలు గీశారు, 1942లో స్టూడియో దాన్నీ ఆపేసింది.

ఎంజీఎంలో ఉన్న రోజుల్లోనే ఒక హైస్కూలు కుర్రాడు ఫోన్ చేశాడు. పన్నెండేళ్ల వయసులో లాస్ ఏంజెలెస్‌లో ‘కింగ్ కాంగ్’ చూసి, అప్పటినుంచి గ్యారేజీలో బొమ్మలు చేస్తున్నవాడు. పేరు రే హ్యారీహౌసన్. ఓబ్రయన్ స్టూడియోకు రమ్మన్నారు. ఆ కుర్రాడు తన డైనోసార్లను పెట్టెలో పెట్టుకుని వెళ్లాడు. వాటిలో ఒక స్టెగోసారస్‌కు పోటీలో బహుమతి కూడా వచ్చింది. ఓబ్రయన్ దాన్ని చేతిలోకి తీసుకుని పరీక్షగా చూశారు. కాళ్లు ముడతలు పడ్డ సాసేజీల్లా ఉన్నాయని, లోపల కండ ఎక్కడుందో ఎముక ఎక్కడుందో తెలియాలని, వెళ్లి శరీర నిర్మాణం నేర్చుకోమని చెప్పారు.

ఈ ఘట్టాన్ని నేను రెండుసార్లు చదివాను. ఆయన పేరును ఒకరు లాక్కున్నారు. చేసిన పనిని స్టూడియోలు మధ్యలో ఆపేశాయి. కొడుకులు పోయి అప్పటికి కొన్నేళ్లే అయింది. అలాంటి మనిషి తన విద్య గుప్పిట్లో దాచుకున్నా ఎవరూ తప్పు పట్టరు. బాగుంది బాబూ అని భుజం తట్టి పంపేసినా ఆ కుర్రాడు సంతోషంగానే ఇంటికి వెళ్లేవాడు. ఆయన అలా చేయలేదు. బొమ్మను నిజంగా చూశారు. చూసి, ఎక్కడ తప్పుందో చెప్పారు. ఆ కుర్రాడు నిజంగానే వెళ్లి శరీర నిర్మాణం చదువుకున్నాడు.

పదేళ్లలోపే ఇద్దరూ ఒకే సినిమాకు పనిచేశారు. 1949లో వచ్చిన ‘మైటీ జో యంగ్’ కూడా గొరిల్లా కథే. కానీ జో కాంగ్ లాంటివాడు కాదు, మంచివాడు. మంటల్లో చిక్కుకున్న అనాథ పిల్లలను కాపాడతాడు. ఆగిపోయిన గ్వాంగీలోని తాళ్ల ఆలోచన ఇందులో పనికొచ్చింది, కౌబాయ్‌లు గుర్రాల మీద వచ్చి జోకు తాళ్లు వేస్తారు. దృశ్యాల రూపకల్పన, సాంకేతిక సమస్యల పరిష్కారం ఓబ్రయన్ చూసుకున్నారు. బొమ్మను కదిపే పనిలో చాలా భాగం హ్యారీహౌసన్‌కు అప్పజెప్పారు. ఆ సినిమాకు స్పెషల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. కానీ పెట్టిన ఖర్చుకు తగ్గ వసూళ్లు రాలేదు, ఓబ్రయన్ తర్వాతి సినిమా మళ్లీ అటకెక్కింది.

చివరి రోజులు

ఆస్కార్ చేతిలో ఉన్నా పెద్ద పనులు రాలేదు. 1957లో ‘ది బ్లాక్ స్కార్పియన్’, 1959లో ‘ది జయంట్ బెహెమాత్’ తక్కువ డబ్బుతో తీసినవి. 1960లో ‘ది లాస్ట్ వరల్డ్’ను మళ్లీ తీశారు. 35 ఏళ్ల కిందట ఆయనకు పేరు తెచ్చిన కథే. ఆయనను పనిలోకి తీసుకున్నారు కానీ బొమ్మలు అక్కర్లేదన్నారు. నిజం బల్లులకు కొమ్ములూ రెక్కలూ అతికించి డైనోసార్లుగా చూపించారు. కాంగ్‌ను, ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడిని ఎదురెదురుగా నిలబెట్టే కథ ఒకటి ఓబ్రయన్ రాసి బొమ్మలు గీశారు. అది ఒక నిర్మాత చేతుల మీదుగా జపాన్ చేరి, 1962లో ‘కింగ్ కాంగ్ వర్సెస్ గాడ్జిల్లా’ అయింది. అందులో కాంగ్ అంటే బొచ్చు దుస్తులు వేసుకున్న మనిషి. ఆ సినిమాలో ఓబ్రయన్‌కు చోటు లేకపోయింది.

1962 నవంబరు 8న లాస్ ఏంజెలెస్‌లో ఆయన కన్నుమూశారు. వయసు 76. అప్పటికి ‘ఇట్స్ ఎ మ్యాడ్ మ్యాడ్ మ్యాడ్ మ్యాడ్ వరల్డ్’ అనే హాస్య చిత్రం చివరి దృశ్యాల కోసం బొమ్మల పనిలో ఉన్నారు.

అప్పటికే హ్యారీహౌసన్ ‘ది సెవెన్త్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్’తో పేరు తెచ్చుకున్నారు. 1963లో ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’లో ఏడు అస్థిపంజరాల కత్తియుద్ధం ప్రపంచానికి చూపించారు. 1969లో, గురువు మధ్యలో వదిలేయాల్సి వచ్చిన డైనోసార్ కథను ‘ది వ్యాలీ ఆఫ్ గ్వాంగీ’గా పూర్తి చేశారు. అందులో కౌబాయ్‌లు డైనోసార్‌కు తాళ్లు వేసే దృశ్యం చూడండి. పదకొండేళ్లకు ఇల్లు వదిలి పశువుల వెంట తిరిగిన ఓక్లాండ్ కుర్రాడు అందులో ఉన్నాడు.

ఇంత చదివాక నాకు చేయవలసిన పని ఒకటి మిగిలింది. సెలవుల ఆఖరి రోజు మావాడిని పిలిచి, ఆ ఎనిమిది సెకన్ల సినిమా మళ్లీ చూపించమన్నాను. ఈసారి ఫోన్ పక్కన పెట్టి చూశాను, నాలుగుసార్లు చూశాను. ఏనుగు అడుగు వేసినప్పుడు బరువు కాలి మీదికి రావడం లేదని, నేల మీద జారుతున్నట్లుందని చెప్పాను. వాడు కాసేపు ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత ఏనుగులు నిజంగా ఎలా నడుస్తాయో వీడియోలు వెతకడం మొదలుపెట్టాడు. వెనక కాలు ముందు లేస్తుందా, ముందు కాలా అని నన్నడిగాడు. నాకూ తెలియదు, ఇద్దరం కూర్చుని చూశాం. సాయంత్రానికి ఏనుగు మళ్లీ బల్ల ఎక్కింది.

ఆ రాత్రి భోజనాలు మేం కింద కూర్చునే చేశాం.